సీ అర్చిన్ వీర్యకణాల్లో స్పెరాక్ట్ సంకేతాన్ని కంటితో చూడటం ఎలా

సీ అర్చిన్ (ముళ్ల పెంకున్న సముద్రజీవి) అండాల నుంచి వచ్చే స్పెరాక్ట్ అనే పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) వీర్యకణాలను చురుకెక్కిస్తుంది; దాన్ని సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష ఇది. మామూలు సముద్రపు నీటిలో చేస్తే స్పెరాక్ట్ ఉన్నా లేకపోయినా తేడా దాదాపు కనబడదు. ఆ నీటి పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. అందులో పడగానే వీర్యకణాలు ఎలాగూ జోరుగా ఈదుతాయి. అందుకే నీటి పీహెచ్‌ను ముందుగా 6.6కి దించాలి.

కాలిఫోర్నియా తీరపు ఊదారంగు సీ అర్చిన్ (స్ట్రాంగైలోసెంట్రోటస్ పర్పురేటస్) తీసుకోండి. నోటి చుట్టూ ఉన్న మెత్తటి పొరలోంచి 0.5 మోలార్ పొటాషియం క్లోరైడ్ అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు ఎక్కించి, మెల్లగా ఊపండి. పైభాగపు రంధ్రాల్లోంచి తెల్లగా చిక్కగా వస్తే మగది, పసుపు రంగులో వస్తే ఆడది. పెంకు మీది తడిని ముందే తుడిచేసి, వీర్యాన్ని పొడి పిపెట్‌తో తీసి ఐసులో పెట్టండి. నీళ్లు తగిలాయంటే అప్పుడే పని మొదలైపోతుంది, కొద్దిసేపటికే కణాలు అలసిపోతాయి. పొటాషియం కలిసినా చేటే, కారణం కింద ఉంది.

అండాలను 15 డిగ్రీల సముద్రపు నీటిలో అరగంట ఉంచి, పైనీరు తీసుకోండి. 10 అమైనో ఆమ్లాల స్పెరాక్ట్ పెప్టైడ్ అందులోనే ఉంటుంది. ఆ నీటి పీహెచ్‌నీ 6.6కి తేవాలి. చాలామంది ఇది మరిచిపోతారు. అప్పుడు కణాలను లేపింది పెప్టైడా, పీహెచ్చా తేలదు.

10 మైక్రోలీటర్ల వీర్యాన్ని 10 మిల్లీలీటర్ల 6.6 పీహెచ్ సముద్రపు నీటిలో కలపండి. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పూసిన స్లైడు మీద (లేకపోతే కణాలు గాజుకు అతుక్కుంటాయి) అవి మందకొడిగా కనిపించాలి. ఒక చుక్కకు అండాల నీరు, ఇంకో చుక్కకు అంతే పరిమాణంలో 6.6 పీహెచ్ ఉన్న ఉత్త సముద్రపు నీరు కలపండి. మొదటిదే చురుకెక్కాలి. రెండూ కదలకపోతే కొంత వీర్యాన్ని 8 పీహెచ్ నీటిలో వేసి చూడండి. అక్కడా ఈదకపోతే వీర్యమే పాడైంది.

లోపల జరిగేదిది: స్పెరాక్ట్ తగలగానే గ్వానిలిల్ సైక్లేజ్ ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీని (కణం లోపల సంకేతం మోసే చిన్న అణువును) తయారుచేస్తుంది. దాంతో కణపు పొరలోని పొటాషియం మార్గాలు తెరుచుకుని, పొర లోపలివైపు వోల్టేజీ మరింత రుణాత్మకమవుతుంది. అప్పుడు సోడియం లోపలికి, హైడ్రోజన్ అయాన్లు బయటికి పోతాయి. లోపలి పీహెచ్ పెరిగి, తోకను కదిలించే మోటారు ప్రోటీన్ డైనీన్ ఊపందుకుంటుంది. బయట పొటాషియం ఎక్కువుంటే వోల్టేజీ మారదు, ఆ తర్వాతి దశలన్నీ ఆగిపోతాయి.

సైక్లిక్ జీఎంపీని కొలవాలంటే మొదటి కొన్ని సెకన్లలోనే పెర్‌క్లోరిక్ ఆమ్లంతో చర్యను ఆపాలి. ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది, సైక్లేజ్ కూడా తన ఫాస్ఫేట్లను కోల్పోయి త్వరగా మందగిస్తుంది. అర్బేషియా అనే ఇంకో సీ అర్చిన్ అండాల నీరు ఇక్కడ పనికిరాదు. దాని పెప్టైడ్ రెసాక్ట్ వేరు.