జుత్తు పెరగట్లేదా? రాలిన వెంట్రుక మొదలు చూశారా?

"జుత్తు నడుము దాటట్లేదు" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి జుత్తు పెరుగుతూనే ఉంటుంది. నెలకి సెంటీమీటరు, కాస్త అటూ ఇటూగా. ఏడాది తిరిగేసరికి అయిదారు అంగుళాలు. పైన పెరిగినంతా కింద తెగిపోతుంటే పొడవు ఎక్కడినించి వస్తుంది?

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఎవర్ని కదిపినా ఒకటే మాట. "ఈ ఊరి నీళ్ళు పడనేదప్పా." టెక్కలినించి ఇక్కడికి కోడలుగా వచ్చిన పిల్ల ఇక్కడి నీళ్ళని ఆడిపోసుకుంటుంది. ఇక్కడినించి టెక్కలి వెళ్ళిన పిల్ల అక్కడి నీళ్ళని. రెండు ఊళ్ళ నీళ్ళూ పుట్టింట్లో మంచివి, అత్తింట్లో చెడ్డవి ఎలా అవుతాయో నాకైతే అర్థం కాదు. నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. డబ్బు ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. అదొక్కటీ వదిలేసి మిగతావన్నీ చేస్తారు.

ముందు ఇది చూడండి

దువ్వుకున్నాక కిందపడ్డ వెంట్రుకలు ఓ పది ఏరి తెల్ల కాగితం మీద పెట్టండి. ఒక్కోదాని రెండు కొసలూ వెలుగులో చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న బుడిపె కనిపిస్తే (గసగసాల గింజంత కూడా ఉండదు, వేలి కొసతో తడిమితే తెలుస్తుంది) ఆ వెంట్రుక కుదురుతో ఊడింది. రెండు కొసలా బుడిపె లేకపోతే మధ్యలో తెగింది. పదింట్లో ఏవి ఎక్కువ?

ఊడడం వేరు, తెగడం వేరు. కారణాలు వేరు, మందూ వేరు. ఇది తేల్చుకోకుండా ఉల్లిపాయ రసం, మెంతిపిండి, మందారాకు అంటూ మొదలుపెడితే వంటింట్లో సామాను ఖర్చే తప్ప మరేం లేదు.

బుడిపెతో ఊడుతోంది

రోజుకి 50 నుంచి 100 దాకా ఊడడం మామూలే. మనిషి తలమీద ఉండేవే లక్ష. వారానికి రెండుసార్లు తలస్నానం చేసేవాళ్ళకి మధ్య రోజుల్లో ఊడి జడలో చిక్కుకున్నవన్నీ ఆ రోజే ఒక్కసారిగా చేతికొస్తాయి. అందులోనూ పొడుగు జుత్తయితే పాతిక వెంట్రుకలు కలిసినా పెద్ద ఉండలా కనిపిస్తుంది. జాలీ దగ్గర ఆ ఉండ చూసి ఏడవకండి.

మామూలుకంటే ఎక్కువే అనిపిస్తే కేలెండరు తియ్యండి. రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళండి. జ్వరం వచ్చిందా? మన గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్ళల్లో మలేరియా కొత్త కాదు. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, ఆపరేషను, సన్నబడాలని కడుపు మాడ్చుకోవడం, ఏదైనా కావచ్చు. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. ఆ విశ్రాంతి దగ్గర దగ్గర మూడు నెలలు. అది అయ్యాక మూకుమ్మడిగా ఊడతాయి. అప్పటికి జ్వరం సంగతి మనకి గుర్తుండదు, మొన్న మార్చిన షాంపూ గుర్తుంటుంది.

దీనికి చెయ్యాల్సింది సరిగ్గా తినడం: పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, చోళ్ళు (రాగులు). ఆరు నెలల్లో చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అయిదో నెలలో కొన్న నూనె సీసాకి పేరొస్తుంది. రానివ్వండి.

బుడిపె లేదు, ముక్కలుగా తెగుతోంది

నా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. ఇక్కడ రెండో ప్రశ్న: ఎక్కడ తెగుతోంది? జడ విప్పి, జుత్తు వదిలి, కిటికీ దగ్గర ఇంకొకర్ని చూడమనండి. పొట్టి వెంట్రుకలు పైకి లేచి కనిపిస్తాయి. కొసల్లోనే ఉన్నాయా, పొడుగుతా ఉన్నాయా, లేక మెడ దగ్గరో జడ మడిచే చోటో అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయా?

ఒకే ఎత్తులో ఉంటే ఇక వెతకక్కర్లేదు. తడి జడ.

ఈ మాట అనగానే "ఆరాకే అల్లుకుంటానప్పా" అని ఒట్టేస్తారు. అబద్ధం కాదు, వాళ్ళు అలాగే అనుకుంటారు. పైన ఆరింది కాబట్టి ఆరిందనుకుంటారు. ఒత్తు జుత్తులో పైపొర ఆరిపోయాక కూడా మెడవెనక, లోపలి పాయలు తడిగానే ఉంటాయి. మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ, వానాకాలమైతే చెప్పనక్కర్లేదు. పరీక్ష కావాలా? పొద్దున్న తలస్నానం చేసి అల్లుకున్న జడని సాయంత్రం విప్పండి. మెడ దగ్గర మూడు పాయలు కలిసే చోట వేలు పెట్టి చూడండి. చల్లగా తగులుతుంది. వాసన చూడండి, ముక్కిన వాసన వస్తుంది. పొద్దున్న ఏడింటి తడి సాయంత్రం అయిదింటికీ అక్కడే ఉంది.

తడిసిన వెంట్రుక నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, పొడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ సాగుతుంది, తక్కువ బలానికే దెబ్బ తింటుంది. ఆ స్థితిలో బిగించి అల్లి, చివర రబ్బరు బ్యాండు మూడు మెలికలు తిప్పి, బడిపిల్లలైతే దాన్ని పైకి మడిచి రిబ్బను కట్టేస్తాం. అది లాగి పెట్టినట్టే ఆరుతుంది. మర్నాడు మళ్ళీ అదే చోట, ఎల్లుండీ అదే చోట.

ఇది దొరక్కుండా తప్పించుకునేది ఎందుకంటే, కట్టిన రోజున తెగదు. ముందు వెంట్రుక పైపొర అరుగుతుంది, గరుకవుతుంది, పక్క వెంట్రుకని పట్టుకుంటుంది, చిక్కు పడుతుంది. తెగడం మొదలయ్యేది కొన్ని నెలలు పోయాక. అప్పటికి ఇంట్లో ఏదో ఒకటి మారి ఉంటుంది: ఇల్లు, ఊరు, షాంపూ, నూనె. నేరం దాని మీదికి పోతుంది.

కొత్త కోడళ్ళ నీళ్ళ కథ కూడా ఇదే. పుట్టింట్లో తలంటుకుంటే మధ్యాహ్నం దాకా జుత్తు విరబోసుకుని అరుగు మీద కూర్చునే పిల్ల, అత్తారింట్లో తెల్లారగట్ల స్నానం చేసి, తడి జుత్తు బిగించి ముడేసి వంటింట్లో దూరుతుంది. పొయ్యి దిగి బయటికొచ్చేసరికి పదకొండు. నీళ్ళు కాదమ్మా మారింది, ఆరబెట్టుకునే తీరిక. అత్తగార్లకి ఈ ముక్క నేనే చెప్తుంటాను, కోడళ్ళు చెప్పలేరు కాబట్టి.

మార్గశిరం వస్తే ఇంకా తెలుస్తుంది. ఒడియా వాళ్ళకి మాణబసా, మనకి లక్ష్మివారం (గురువారం) నోము. నెల పొడుగునా ప్రతి లక్ష్మివారం చలిలో తెల్లారకముందే తలస్నానం, ఆ వెంటనే జడ, పూలు, పైన పిన్నులు. వేసవి వచ్చేసరికి మెడవెనక పొట్టి వెంట్రుకలు.

చెయ్యాల్సింది ఏమిటంటే తలస్నానం వేళ మార్చడం. మిగతావన్నీ దీని తర్వాతే. బడిపిల్లలకి శనివారం మధ్యాహ్నమో ఆదివారం పొద్దున్నో చాలు, సోమవారం పొద్దున్న వద్దు. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు సాయంత్రం వచ్చాక తొందరగా పోసుకుని, పడుకునేలోపు ఆరేలా చూసుకోండి. తడి తలతో పడుకుంటే మళ్ళీ అదే కథ. ఒత్తు జుత్తుకి ఫ్యాను కింద రెండు మూడు గంటలు పడుతుంది. ఆరిందో లేదో చెప్పేది పైన చెయ్యి కాదు, మెడవెనక కుదుళ్ళలోకి దోపిన వేళ్ళు.

తువ్వాలుతో టపటపా కొట్టడం మానండి. పాత నూలు పంచె చుట్టి నొక్కండి, విడిచి ఇంకోసారి నొక్కండి. సాంబ్రాణి ధూపం వేసుకునే అలవాటుంటే వేసుకోండి, వాసన బావుంటుంది, ఆ వెచ్చదనానికి కొంత ఆరుతుంది. కుంపటికి మరీ దగ్గరగా జుత్తు పెట్టకండి.

నోము రోజున తెల్లారే స్నానం తప్పదు. సరే, జడ మాత్రం వెంటనే వెయ్యకండి. కొసల దగ్గర జారుముడి వేసి, పూజ అయ్యాక విప్పి ఆరబెట్టుకోండి. పూలు అప్పుడు.

కట్టే తీరు కూడా. కొట్లో పొట్లాలకి వేసే రబ్బరు బ్యాండు జుత్తుకి ఎప్పుడూ వద్దు, తీసేటప్పుడు వెంట్రుకల్ని పట్టుకుని వస్తుంది. గుడ్డ చుట్టిన బ్యాండో ఉత్త రిబ్బనో వాడండి. కట్టాక చిటికెనవేలు దూరాలి. ఒకరోజు మెడ దగ్గర, ఇంకోరోజు కిందికి, అలా చోటు మార్చండి. బడిలో రెండు జడలు మడిచి కట్టాలంటారు కదా, ఇంటికి రాగానే విప్పేసి వదులుగా ఒక జడ వెయ్యండి.

పొడుగుతా తెగుతోంది

దువ్వెన చూడండి. అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్ దువ్వెనకి పళ్ళ పక్కన సన్నటి గీత లేచి ఉంటుంది, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు. గోరుతో గీస్తే తగులుతుంది. దూదిపింజ తీసుకుని పళ్ళ మధ్య లాగండి. పోగులు పట్టుకున్న దువ్వెనని చెత్తబుట్టలో వెయ్యండి.

పర్లాకిమిడి కొమ్ముపనికి పేరుమోసిన ఊరు. అయినా ఇక్కడి ఆడవాళ్ళే పది రూపాయల ప్లాస్టిక్ దువ్వెన కొంటారు. పళ్ళు రంపంతో కోసి నున్నగా రుద్దిన కొమ్ము దువ్వెనకి ఆ గీత ఉండదు. కొమ్ము, జుత్తు, గోరు అన్నీ కెరటిన్ అనే మాంసకృత్తే. బకెట్లో నానబెట్టకండి, వంకరపోతుంది. అప్పుడప్పుడు కొబ్బరినూనె చుక్క రాసి తుడవండి చాలు. చెక్క దువ్వెనైనా పరవాలేదు, నున్నగా ఉంటే.

చిక్కు కింది కొసలనుంచి తీస్తూ పైకి రావాలి. ఇది అందరికీ తెలుసు, తొందరలో ఎవరూ చెయ్యరు. తడి మీద ఈరుదువ్వెన అసలు వద్దు. పేలు దువ్వాల్సి వస్తే కండిషనరు బాగా పట్టించి అప్పుడు దువ్వండి. స్ట్రెయిటెనింగు, బ్లీచింగు చేయించుకున్నవాళ్ళకి కారణం నేను చెప్పక్కర్లేదు.

మరి నీళ్ళు?

బోరు నీళ్ళు కొన్నిచోట్ల నిజంగానే ఉప్పన. కాచే గిన్నెలో, హీటరు రాడ్డు మీద తెల్లటి పొర కడుతోందా, సబ్బు నురగ రావట్లేదా, అయితే గరుకు నీళ్ళే. ఆ నీళ్ళల్లో సబ్బు తలకి రుద్దితే జిడ్డు తెట్టు జుత్తుకి పడుతుంది, దువ్వితే తెల్లగా రాలుతుంది. సబ్బు మానేసి షాంపూ గానీ కుంకుడు, శీకాయ గానీ వాడండి. చివరి చెంబులు వాననీళ్ళో మంచినీళ్ళో పోసుకోండి, లేదా బకెట్టుకి అరచెక్క నిమ్మరసం పిండుకోండి. అంతే. నీళ్ళ వల్ల వచ్చే గరుకు జుత్తు పొడుగునా ఉంటుంది, బ్యాండు కట్టిన చోట మాత్రమే రాదు.

కొసలు చిట్లుతున్నాయి

నడుము దాకా ఉన్న జుత్తు కొస వయసు అయిదేళ్ళ పైమాటే. ఎన్ని తలస్నానాలు, ఎన్ని దువ్వెనలు చూసిందో. చిట్లిన కొసని అతికించే నూనె లేదు, కత్తిరించాలి, అరంగుళం. కత్తిరిస్తే తొందరగా పెరుగుతుందనేది ఉత్తమాట. పెరిగేది కుదురులో, కొసకి ఆ సంగతే తెలియదు. చీలిక పైకి పాకకుండా ఆగుతుంది, ఆ లాభం చాలు. తలంటుకునే ముందు రాత్రి కొసలకి కొబ్బరినూనె పట్టించండి. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు పోయే మాంసకృత్తు తగ్గుతుంది.

చుండ్రు ఉన్నవాళ్ళు మాత్రం మాడుకి నూనె మర్దనా ఆపండి. చుండ్రుకి కారణమైన బూజుకి ఆ నూనెలే మేత. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ అయిదు నిమిషాలు ఉంచి కడిగితే మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది.

ఇవి నా పని కాదు

రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడితే (పేనుకొరుకుడు అంటాం), పిల్లల మాడు మీద పొలుసులతో ఊడితే, పాపిడి వెడల్పవుతుంటే, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే, ఎప్పుడూ నీరసంగా ఉంటే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తం, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. వెల్లుల్లి రుద్దుకుంటూ కూర్చోకండి.

తడి జడ మానేసినవాళ్ళు వారానికోసారి టేపు పెట్టి కొలవకండి, ఏమీ కనపడదు. మెడవెనక ఆ పొట్టి వెంట్రుకల్నే గుర్తుపెట్టుకోండి. మూడు నెలలకి అవి మూడు సెంటీమీటర్లు దిగి ఉండాలి, కొత్తగా పొట్టివి లేవకూడదు. ఇంకా లేస్తూనే ఉంటే సాయంత్రం జడ విప్పి మళ్ళీ వేలు పెట్టి చూడండి.