చేతిలో పట్టే రోటరీ టూల్: ఏ పనికి ఎలా వాడాలి, ఎక్కడ పక్కన పెట్టాలి?

వానాకాలం వచ్చిందంటే కోనసీమ ఇళ్ళలో తలుపులు ఉబ్బిపోయి గడియలు పడవు. అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే ఏడాది పొడవునా ఉప్పుగాలే. కిటికీ బందుల స్క్రూలు తుప్పు పట్టి, తలల్లో గాడి అరిగిపోయి, స్క్రూడ్రైవర్ పెడితే జారిపోతుంది తప్ప ఊడిరావు. భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల నట్టులదీ అదే కథ. ఇంత చిన్న పని కోసం మనిషిని పిలిస్తే ఆయనకీ గిట్టదు, మనకీ కుదరదు. చిన్న కోత ముక్కని (బిట్టు) అతి వేగంగా తిప్పే, చేతిలో ఇమిడే రోటరీ టూల్ ఇలాంటి చోటే అక్కరకొస్తుంది.

కొట్లో దీన్ని మినీ గ్రైండర్ అని అడుగుతారు, లేదా డ్రెమెల్ అంటారు. డ్రెమెల్ అనేది 1932లో అమెరికాలోని రసీన్ పట్టణంలో మొదలైన కంపెనీ పేరు. ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. కొన్నవాళ్ళలో కొందరు దీంతో ఇనుప పైపులు కూడా కోయాలని చూసి మోటారు కాల్చుకుంటారు. ఇంకొందరు ఒకసారి బిట్టు విరిగేసరికి భయపడి అటక మీద పడేస్తారు. రెండూ టూల్ సంగతి తెలియక జరిగేవే.

దీని బలం ఎక్కడుంది?

పళ్ళ డాక్టరు చేతిలోని డ్రిల్లు గుర్తుంది కదా, ఇదీ ఆ కోవలోదే. చిన్న బిట్టు, విపరీతమైన వేగం, దాదాపు ఒత్తిడే లేని చెయ్యి. చాలా మోడళ్ళు నిమిషానికి 5,000 నుంచి 30,000 చుట్ల దాకా, కొన్ని 35,000 దాకా తిరుగుతాయి.

అంత వేగం ఎందుకంటే, కోసేది బిట్టు అంచు. 100 మి.మీ. డిస్కు ఉన్న మామూలు గ్రైండర్ 11,000 చుట్లు తిరిగితే ఆ అంచు సెకనుకు సుమారు 58 మీటర్లు పోతుంది. 3 మి.మీ. బిట్టు 30,000 చుట్లు తిరిగినా దాని అంచు సెకనుకు 5 మీటర్లు దాటదు. అదే బిట్టుని 3,000 చుట్ల డ్రిల్లింగ్ మెషిన్‌కి బిగిస్తే అర మీటరు కూడా రాదు. చిన్న బిట్టుకి కోసేంత వేగం ఇవ్వడానికే ఈ టూల్ పుట్టింది.

మోటారు మాత్రం చిన్నది. చాలావాటికి 130 నుంచి 175 వాట్లు ఉంటుంది, పెద్ద గ్రైండర్లకి 600 వాట్ల పైమాటే. అందుకే నొక్కితే పని వేగంగా అవదు, మోటారు మూలుగుతుంది. చెవి పెట్టి వినండి. శబ్దం దిగిపోతోందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు. చెయ్యి తేలిక చేయండి, శబ్దం మళ్ళీ లేస్తుంది. ఈ ఒక్కటి పట్టుబడితే సగం పని వచ్చేసినట్టే.

బిట్టు బిగించడం

ప్లగ్గు తీసేశాకే బిట్టు మార్చాలి. ముందువైపు నట్టు లోపల కాలెట్ అనే చీలికల గొట్టం ఉంటుంది. బిట్టు కాడ సైజూ కాలెట్ సైజూ ఒకటే కావాలి. ఎక్కువగా వచ్చేవి 3.2 మి.మీ., 2.4 మి.మీ. కొన్ని చవక సెట్లలో 3 మి.మీ. కాడలు కూడా కలిసి వస్తాయి. దాన్ని 3.2 కాలెట్‌లో పెడితే బిగిసినట్టే అనిపించి, తిరిగేటప్పుడు జారొచ్చు.

కాడని లోపలికి వీలైనంత దించి, ఒక్క వెంట్రుకవాసి వెనక్కి లాగి బిగించండి. పొడవుగా బయటికి వదిలితే ఎక్కువ వేగంలో కాడ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఎగురుతుంది. షాఫ్టు ఆపే బటన్‌ని టూల్ తిరుగుతుండగా నొక్కొద్దు. బిగించాక ముఖానికి దూరంగా పెట్టి, తక్కువ వేగంలో అర నిమిషం ఊరికే తిప్పి చూడండి. చెయ్యి వణుకుతున్నట్టు అనిపిస్తే ఆపి మళ్ళీ బిగించాలి.

వంద ముక్కల సెట్టు చూసి ఆశపడకండి. అందులో పనికొచ్చేవి తక్కువ. నాణ్యమైన కార్బైడ్ బర్ (చుట్టూ పళ్ళున్న గట్టి లోహపు బిట్టు) ఒకటి, లోపల ఫైబర్ పోగులున్న కటింగ్ డిస్కులు కొన్ని, ఎమరీ పేపరు చుట్టిన డ్రమ్ములు, టైల్స్ కోసం డైమండ్ బిట్టు ఒకటి ఉంటే ఇంటి పనులు చాలావరకు అయిపోతాయి. పోగులు లేని పల్చటి గోధుమరంగు డిస్కులు కొంచెం పక్కకి వంగినా పటుక్కున విరిగి ముక్కలు ఎగురుతాయి. నా సలహా అడిగితే అవి వాడకండి.

ప్రతి బిట్టుకీ గరిష్ఠ వేగం ఉంటుంది. వైరు బ్రష్ 15,000 దాటకూడదు, దాటితే తీగలు సూదుల్లా ఊడి గుచ్చుకుంటాయి. ప్లాస్టిక్, పీవీసీ పైపులకి 5,000 నుంచి 10,000 చాలు. అంతకు మించితే కోయడం మానేసి కరిగి, బిట్టుకి ముద్దలా అంటుకుంటుంది. చెక్కకి వేగం ఎక్కువే కావాలి.

తల అరిగిన స్క్రూ తీయడం

ఈ టూల్ విలువ తెలియాలంటే ఈ పని చేసి చూడాలి. ముందు స్క్రూ తల మీది రంగు, తుప్పు గీకేయండి. నూనె మాత్రం ఇప్పుడే పోయొద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. అరిగి చిన్నదైన కటింగ్ డిస్కు ఉంటే అదే బిగించండి. కొత్త పెద్ద డిస్కు అయితే స్క్రూతో పాటు చుట్టూ ఉన్న బందునీ చెక్కనీ కోసేస్తుంది.

టూల్‌ని రెండు చేతులా పట్టుకుని, కింది చెయ్యి చెక్కకి ఆనించండి. డిస్కు స్క్రూ తలకి నిలువుగా, సరిగ్గా మధ్యలో తగలాలి. తాకించి వెంటనే ఎత్తండి, మళ్ళీ తాకించండి. మొదట వెండిలా మెరిసే గీత పడుతుంది. ఆ గీతలోనే డిస్కు నడిపితే గాడి తయారవుతుంది. లోతు ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ఇంకా దిగితే తల రెండు ముక్కలవుతుంది. డిస్కుని పక్కకి వంచొద్దు.

కోసేటప్పుడు స్క్రూ వేడెక్కి సాగుతుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. ఆ కదలికకి తుప్పు పట్టు కొంత వదులుతుంది. పూర్తిగా చల్లారాక ఒక చుక్క నూనె వేసి, పావుగంట ఆగండి. గాడికి సరిపోయే వెడల్పు స్క్రూడ్రైవర్ పెట్టి, ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. చాలాసార్లు కిర్రుమని కదులుతుంది. కదలకపోతే తల దాకా డ్రిల్లు చేసి తీసేయడమే, అది డ్రిల్లింగ్ మెషిన్ పని.

దాని బదులు స్టెయిన్‌లెస్ స్క్రూ వేయండి. సముద్రానికి దగ్గరగా ఉంటే 304 కంటే 316 రకం ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. మామూలు ఇనుప వైరు బ్రష్‌తో స్టెయిన్‌లెస్‌ని రుద్దకండి. ఇనుప రేణువులు అంటుకుని దాని మీదా తుప్పు మరకలు వస్తాయి.

ఏరేటర్ నట్టు బిగుసుకుంటే ఒక పలక మీద, బోల్టు మరల దాకా వెళ్ళకుండా నిలువుగా కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి కొడితే పగులుతుంది. కరెంటు మెయిన్ ఆపి, గట్టు మీద పొడిగా ఉన్నచోటికి తెచ్చుకుని చేయండి. చెరువు నీళ్ళలో నిలబడి కరెంటు టూల్ పట్టుకోవద్దు. బ్యాటరీ మోడల్ ఉంటే ఇక్కడ అదే మేలు. పెద్ద బోల్టులకి మాత్రం పెద్ద గ్రైండరే తీయాలి.

గడియ పడని తలుపు

వానల్లో తలుపు ఉబ్బిందని చిత్రిక పట్టేస్తే ఎండాకాలంలో సందు కనిపిస్తుంది. తలుపు మూసుకుంటూ గడియ మాత్రమే పడకపోతే, గడియ దిగే రంధ్రాన్ని కాస్త పెద్దది చేస్తే చాలు. గడియ కొసకి కుంకుమ నూనెలో కలిపి పూసి, తలుపు మూసి, గడియ వేయబోండి. ఎక్కడ తగులుతోందో రంధ్రం చుట్టూ ఉన్న రేకు మీద ఎర్రగా పడుతుంది. ఆ వైపు మాత్రమే కార్బైడ్ బర్‌తో కొంచెం కొంచెంగా తీయండి. ఒక దిశలో నడిపితే బర్ తనంతట తానే పరిగెత్తాలని చూస్తుంది, దానికి ఎదురు దిశలో నడపండి. రెండు మూడు సార్లు తలుపు వేసి చూసుకుంటూ తీస్తే సరిగ్గా కుదురుతుంది.

పాత మండువా లోగిళ్ళ టేకు తలుపుల విషయంలో ఒక జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో 90కి) పరిమితం చేసే నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. దాన్ని ఈ టూల్‌తో గీకితే పొడి గాల్లో కలుస్తుంది, పిల్లలకి మరీ ప్రమాదం. అలాంటి రంగుని తడిపి, చేత్తో గీకి, తుడిచేయాలి.

కొబ్బరి చిప్పతో గిన్నె

అంబాజీపేట వైపు కురిడీ కొబ్బరి కొట్టాక చిప్పలకి కొదవుండదు. బాగా ముదిరి ఎండిన చిప్ప గట్టిగా ఉండి మెరుగు బాగా తీసుకుంటుంది. లేత చిప్ప ఎండేకొద్దీ పగులుతుంది. ముందు పీచు గీకేసి, లోపలి పొరని చాకుతో తీసేయండి. మూడు కళ్ళున్న వైపు గిన్నె అడుగుకి వాడకండి, మెత్తటి కన్ను కారుతుంది.

పెన్సిల్‌తో చుట్టూ గీత గీయండి. చిప్పని ఇసుక నింపిన సంచిలో కూర్చోబెడితే దొర్లదు. కటింగ్ డిస్కుతో ఒకేసారి లోతుకి పోకుండా గీత మీద చుట్టూ పల్చగా ఒకసారి, మళ్ళీ ఇంకోసారి నడపండి. చిప్ప గుండ్రంగా ఉంటుంది కాబట్టి డిస్కు ఇరుక్కునే చోటు ఎప్పుడూ వంపు దగ్గరే. అక్కడ చిన్న చిన్న కోతలు పెట్టండి. కాలిన వాసన వచ్చి అంచు నల్లబడితే వేగం తగ్గించండి, లేదా బిట్టు మొద్దుబారిందని అర్థం.

అంచు నున్నగా చేయడానికి గరుకుగా ఉండే 80 నంబరు డ్రమ్ముతో మొదలుపెట్టి, ఇంకాస్త సన్నదైన 120కి రండి. ఆ తర్వాత 240 పేపరు చేత్తో రుద్దడమే బాగుంటుంది. టూల్‌తో చివరిదాకా లాగితే చిన్న చిన్న పల్లాలు పడతాయి, వెలుతురుకి ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. చివరగా గుడ్డతో కొబ్బరి నూనె పట్టిస్తే గోధుమరంగులోంచి సన్నటి నల్ల చారలు తేలతాయి. ఈ పనిలో లేచే పొడి చాలా సన్నం. మాస్కు లేకుండా కూర్చోవద్దు.

దీంతో చేయకూడని పనులు

ఇనుములో రంధ్రాలు. 3 మి.మీ. డ్రిల్ బిట్టు ఇనుములో నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరగాలి. ఈ టూల్ అతి తక్కువ వేగమే 5,000. బిట్టు ఎర్రబడి మొద్దుబారుతుంది. గోడలో స్క్రూ కోసం రంధ్రానికి హ్యామర్ డ్రిల్ వాడండి.

కత్తిపీట, కొడవలి పదును పెట్టడం. పల్చటి అంచు క్షణంలో వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. అలా తిరిగిన చోట ఉక్కు గట్టిదనం పోయినట్టే, పదును నిలవదు. అంచు వంకరటింకరగా కూడా వస్తుంది. సానరాయే నయం.

టైల్స్‌లో ఉన్న రంధ్రాన్ని కాస్త పెంచడానికి, కుళాయి పైపు కోసం మూల తీయడానికి డైమండ్ బిట్టు బాగా పనిచేస్తుంది. తడి స్పాంజితో అప్పుడప్పుడు తడపాలి, నీళ్ళు టూల్ మీదికి రాకూడదు. వరసగా టైల్స్ కోయాలంటే టైల్ కట్టర్ ఉంది. ఆ డైమండ్ బిట్టుని ఇనుము మీద పెట్టకండి, త్వరగా పాడవుతుంది.

ఆస్బెస్టాస్ రేకులని ఏ టూల్‌తోనూ కోయొద్దు. పాకలకీ కోళ్ళ షెడ్లకీ వేసే సిమెంటు రేకుల్లో చాలావాటిలో అది ఉంటుంది. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడడానికి పదుల ఏళ్ళు పట్టొచ్చు, చేరాక తీసే మందు లేదు. ఈ విషయంలో మినహాయింపు అడగకండి.

ఒంటి మీద, చుట్టూ

కళ్ళకి రక్షణ అద్దాలు (సేఫ్టీ గ్లాసెస్) తప్పనిసరి, మామూలు చలువ అద్దాలు సరిపోవు. భుజం మీది తువ్వాలు, మెడలో గొలుసు, చేతికి కట్టిన తాడు, వేలాడే చున్నీ తీసి పక్కన పెట్టండి. జుట్టు ముడి వేసుకోండి. గుడ్డ గ్లవ్స్ వేసుకోవద్దు, పోగు చిక్కితే వేలిని లాక్కుపోతుంది. డిస్కు తిరిగే వరుసలో మీ ముఖం ఉండకూడదు, కొంచెం పక్కకి జరిగి కూర్చోండి. చిన్న ముక్కని చేత్తో పట్టుకుని కోయకుండా వైస్‌లో గానీ క్లాంప్‌తో గానీ బిగించండి. తడి నేల మీద చెప్పుల్లేకుండా పనిచేయొద్దు. ఇంట్లో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మన పెరళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. కొబ్బరి పీచు కుప్ప, తాటాకు పాక, గడ్డివాము ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటాయి. ఇనుము కోసేటప్పుడు లేచే రవ్వ పీచులో పడితే వెంటనే మంట కనిపించదు, లోపల్లోపల రాజుకుంటుంది. దూరంగా, మట్టి నేల మీద చేసుకోండి. బకెట్ నీళ్ళు పక్కన ఉంచుకుని, పని అయ్యాక అరగంట సేపు ఆ చుట్టుపక్కలే ఉండండి.

పదేసి నిమిషాలకి టూల్ ఆపి, ముందు భాగం తాకి చూడండి. వేడిగా ఉంటే చల్లారనివ్వండి. పని అయిపోయాక గాలి రంధ్రాల్లో పొడిని బ్రష్‌తో దులపండి. లోపల నిప్పురవ్వలు ఎక్కువ కనిపించినా, ఆగి ఆగి తిరుగుతున్నా, మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి. చాలా మోడళ్ళలో అవి మార్చుకోవచ్చు. బిట్ల కాడలకి పల్చగా నూనె గుడ్డ తుడిచి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాం వేసి పెడితే ఉప్పుగాలికి తుప్పు పట్టవు. మళ్ళీ వాడేముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయండి, లేకపోతే కాలెట్‌లో బిట్టు జారుతుంది.