సమాన గుర్తు అంటే ‘జవాబు రాయి’ అని కాదు

మీ పిల్లల చేత ఒకసారి ఈ లెక్క చేయించి చూడండి: 8 + 4 = □ + 5. చాలామంది గడిలో 12 వేసేస్తారు. వాళ్లకు కూడిక రాక కాదు, = కనబడగానే ‘జవాబు ఇక్కడ రాయి’ అని చదువుకుంటారు. అందుకే దాన్ని తక్కెడగా చూపించండి. ఎడమ పళ్లెంలో 12, కుడి పళ్లెంలో 5 ఉన్నాయి. ఇంకెంత వేస్తే సరితూగుతుంది? 7 అని వాళ్లే చెప్పేస్తారు. 1557లో ఈ గుర్తును అచ్చులోకి తెచ్చిన రాబర్ట్ రికార్డ్ కూడా, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి మరేవీ ఉండవనే దీన్ని ఎంచుకున్నాడు.

ఈ అలవాటుతోనే 5 + 3 = 8 + 2 = 10 అని గొలుసులా రాసేస్తుంటారు. 5 + 3 పదికి సమానం కాదు కదా! రెండో మెట్టును కింది వరుసలో విడిగా రాయించండి, ఇది పెద్ద తరగతుల్లో బీజగణితానికి చాలా అవసరం.

<, > గుర్తులు సులువే. వెడల్పుగా తెరుచుకున్న వైపు పెద్ద సంఖ్య ఉంటుంది. తికమకంతా ఋణ సంఖ్యల దగ్గరే: 3 < 5, కానీ −3 > −5. సంఖ్యారేఖ గీసి, కుడివైపున ఉన్నదే పెద్దదని వేలుపెట్టి చూపించండి.