దివ్యాంగుల హక్కుల చట్టం, 3వ పాఠం: ఇరవై మంది లెక్క ఎక్కడ పనికొస్తుంది?

"మా షాపులో పనిచేసేది ఎనిమిది మందే, మాకెందుకండీ ఆ చట్టం?" ఒంగోలులో ఈ మాట నాకు చాలామంది చెప్పారు. అందులో సగమే నిజం. 2016 చట్టం ప్రకారం ఉద్యోగం ఇచ్చేవాళ్లుగా మీ బాధ్యత వేరు, జనం వచ్చిపోయే చోటుగా మీ బాధ్యత వేరు. మనుషుల్ని లెక్కపెట్టేది మొదటిదానికే.

చీమకుర్తిలో అరవై మంది పనిచేసే గ్రానైట్ ఫ్యాక్టరీ ఉందనుకోండి. ఉద్యోగులు ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ ఉన్నారు కాబట్టి సమాన అవకాశాల విధానంలో (దివ్యాంగులకు ఏం చేస్తామో సంస్థ రాసి అందరికీ చూపించే పత్రం) దివ్యాంగులు చేయగలిగే పోస్టులేవి, ఎలా ఎంపిక చేస్తారు, ట్రైనింగ్ ఏంటి, ఏ పరికరాలిస్తారు అన్నీ రాయాలి, దివ్యాంగుల నియామకం, సౌకర్యాలు చూసుకోవడానికి లయజన్ ఆఫీసర్‌ని కూడా పెట్టాలి. కావలిలో ఎనిమిది మందితో నడిచే భాగస్వామ్య బట్టల షాపు కూడా ఆ విధానం రాయాల్సిందే, కాకపోతే ఏ సౌకర్యాలు కల్పిస్తారో రాస్తే చాలు. వెబ్‌సైట్ లేకపోతే నలుగురికీ కనపడేలా గోడకి పెట్టండి. 4 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ సంస్థలకే, ప్రైవేటువాళ్లు దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక రెండోది. జనానికి సేవలందించే సంస్థ ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా అందరూ వాడుకునేలా ఉండాలని 46వ సెక్షన్ చెబుతుంది, అక్కడ ఇరవై లెక్క లేదు. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, రెండేళ్ల గడువిచ్చారు, అది ఎప్పుడో అయిపోయింది. దివ్యాంగులకు అందుబాటుగా ఉండేందుకు పెట్టిన ఈ ప్రమాణాలను వట్టి సూచనలుగా వదిలేస్తే కుదరదని సుప్రీంకోర్టు కూడా 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో చెప్పింది. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్లీ చేస్తే యాభైవేల నుంచి 5 లక్షలు.

జరిమానా కంటే నాకు గుర్తుండేది మా అన్నయ్య. చిన్నప్పుడు పోలియో వచ్చింది, చంకకర్రతో నడుస్తాడు. ఒక షాపు ముందు అద్దంలా పాలిష్ పట్టిన గ్రానైట్ మెట్ల మీద కర్ర జారి పడ్డాడు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. మన జిల్లా రాయే, ఆ మెట్ల వరకు పాలిష్ పట్టకుండా గరుకుగా వదిలేసి ఉంటే పడేవాడు కాదు.

ఈ వారం పని: టేపు తీసుకుని మీ గడప ఎత్తు కొలవండి. ర్యాంపుకి ఒక అంగుళం ఎత్తుకి కనీసం పన్నెండు అంగుళాల పొడవు కావాలి. అంటే ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులు. ముందు అంత జాగా ఉండదు, నాకు తెలుసు, గోడ పక్కగా మలుపు తిప్పొచ్చు. మీ కొలత రాసి పెట్టుకోండి, నాలుగో పాఠంలో ఆ మలుపు బొమ్మ గీద్దాం.