ఉత్తర అక్షాంశాల చిత్తడి నేలలు, మీథేన్ – మూడవ పాఠం: మొక్కను చూసి అంచనా కట్టడం

గత రెండు పాఠాలలో నీటిమట్టాన్ని కొలవడం, పీట్, అంటే సగం కుళ్లిన మొక్కల అవశేషాలు పేరుకున్న నేలలోని మిట్టపల్లాలను గుర్తించడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఒక చదరపు మీటరు నేలను ఎంచుకుని, అక్కడ పెరిగే మొక్కలను బట్టి మీథేన్ ఎక్కువ వస్తుందో తక్కువ వస్తుందో ముందుగా అంచనా కట్టి, తర్వాత కొలిచి సరిచూసుకోవడం సాధన చేద్దాం.

నీటిమట్టానికి దిగువన, ఆక్సిజన్ అందని పీట్‌లో, ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. అది మెల్లగా పైకి వచ్చేటప్పుడు గాలి ఆడే పై పొరను దాటాలి. ఆ పొరలో ఉండే బాక్టీరియా మీథేన్‌ను ఆహారంగా వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. కాబట్టి ఎంత తయారైందన్నది ఎంత ముఖ్యమో, ఏ దారిన బయటపడిందన్నదీ అంతే ముఖ్యం. బుడగలుగా ఒక్కసారిగా పైకి తేలే వాయువును పక్కన పెడితే, ఆ దారిని నిర్ణయించేది చాలావరకు మొక్కే.

తుంగ కుటుంబానికి చెందిన మొక్కలతో మొదలుపెడదాం. కేరెక్స్ జాతులు, తెల్లని దూదిపింజల వంటి కంకులు వేసే ఎరియోఫోరమ్, అంటే పత్తిగడ్డి, ఈ నేలల్లో విరివిగా కనిపిస్తాయి. పత్తిగడ్డి వేరును పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంతో చూడండి: మధ్యలో సన్నని నాళం, దాని చుట్టూ గాలి గదులు కనిపిస్తాయి. ఇదే వాయుకణజాలం. నీటిలో మునిగిన వేళ్లకు ఆక్సిజన్ అందించడం దాని పని, కానీ అదే గొట్టం గుండా మీథేన్ ఎదురుదిశలో పైకి వచ్చి, బాక్టీరియా ఉన్న పొరను తాకకుండానే గాలిలో కలుస్తుంది. ఈ వేళ్లు అర మీటరు దాటి లోతుకు దిగగలవు గనుక, నీటిమట్టం కాస్త తగ్గినా వాటి కొసలు మీథేన్ ఉన్న చోటే ఉంటాయి.

ఇంతటితో లెక్క తేలదు. అవే వేళ్లు చక్కెరలను, సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి మీథేన్ తయారీకి తాజా ముడిసరుకు అందిస్తాయి. మరోవైపు వేళ్ల నుంచి బయటికి ఊరే ఆక్సిజన్ కొంత మీథేన్‌ను అక్కడికక్కడే నశింపజేస్తుంది. ఏది పైచేయి అన్నది జాతిని బట్టి మారుతుంది, అయినా తుంగజాతులు దట్టంగా ఉన్న తడి నేలలో మొత్తంమీద మీథేన్ పెరగడమే సాధారణం. కిక్కస, జమ్ము వంటి పొడవైన మొక్కలలో పగటివేళ లోపలి పీడనం పెరిగి గాలి వేగంగా ప్రవహిస్తుంది గనుక, వాటి దగ్గర ఒక్క మధ్యాహ్నపు కొలతను రోజంతటికీ వర్తింపజేయకూడదు.

స్ఫాగ్నమ్ నాచు కథ వేరు. దానికి వేళ్లు లేవు, గొట్టాలు లేవు. నీటిలో మునిగిన నాచులో మీథేన్‌ను తినే బాక్టీరియా నివసిస్తాయనీ, వాటి నుంచి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను నాచు వాడుకుంటుందనీ 2005లో పరిశోధకులు వెల్లడించారు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. ఇక హీథర్ కుటుంబపు పొదలు పొడిగా ఉండే మిట్టలను ఇష్టపడతాయి. వాటి వేళ్లలో చెప్పుకోదగ్గ గాలి గొట్టాలు ఉండవు, మీథేన్ తక్కువ.

స్వీడన్ ఉత్తర భాగంలో అబిస్కో దగ్గరి స్టోర్డాలెన్ పీట్ నేలలో శాశ్వత మంచు, అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల, కరిగి, పొదలున్న మిట్టలు కుంగి, వాటి స్థానంలో తడి నేలలూ తుంగజాతులూ విస్తరించాయి. 1970 నుంచి 2000 వరకు ఆ ప్రాంతపు మీథేన్ విడుదల 22 నుంచి 66 శాతం పెరిగినట్లు అంచనా వేశారు. వృక్షజాలపు పటాన్ని చదవడం రానివారికి ఈ మార్పు అర్థం కాదు.

ఇప్పుడు సాధన. నేలలో బిగించిన వలయంపై 30 సెంటీమీటర్ల ఎత్తున్న మూతపెట్టెను ఉంచి, 20 నిమిషాలపాటు లోపలి మీథేన్‌ను కొలవండి. పక్కన పరచిన చెక్కమీదే నిలబడండి, ఎందుకంటే మీ బరువుకు పీట్ నొక్కుకుపోతే బుడగలు లేచి కొలత చెడిపోతుంది. నాచు ఉన్నచోట గాఢత 2.0 నుంచి 2.6 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) చేరిందనుకుందాం. అంటే పెరుగుదల నిమిషానికి 0.03, రోజుకు 43.2 పీపీఎం, దీన్ని 0.3 మీటర్ల ఎత్తుతోనూ, 10 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనపు మీటరు గాలిలో ఉండే సుమారు 43 మోల్‌లతోనూ, మీథేన్ మోల్ బరువు 16 గ్రాములతోనూ గుణిస్తే రోజుకు చదరపు మీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు. తుంగజాతులు ఉన్నచోట అదే వ్యవధిలో 8.0కు చేరితే సుమారు 90.

తర్వాత, అనుమతి ఉన్న చోట మాత్రమే, తుంగకాడలను నీటిమట్టానికి దిగువన కోసి మళ్లీ కొలవండి. నీటిపైన కోస్తే మొదళ్లు తెరిచిన గొట్టాల్లా పనిచేస్తూనే ఉంటాయి. కోసిన వెంటనే విడుదల తగ్గితే ఆ తేడా కాడల గుండా వచ్చిన వాటాకు గుర్తు. వారాల తర్వాత కనిపించే తగ్గుదలలో వేళ్లు సూక్ష్మజీవులకు అందించే ఆహారం ఆగిపోవడం కూడా కలిసి ఉంటుంది కనుక, ఆ రెండు కొలతలను వేర్వేరు పుటల్లో రాసుకోండి.