చలికాలంలో విండ్‌రష్ నది ఒడ్డుకు వెళ్లేముందు

బోర్టన్ ఆన్ ద వాటర్‌లో జూలైలో దిగిన ఫొటోలు చూపించి, డిసెంబర్ సెలవులకు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను అక్కడికి తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు ఇంగ్లండ్‌లో చాలానే ఉన్నాయి. ఎండాకాలంలో ఆ ఊళ్లో విండ్‌రష్ మోకాలి లోతు కూడా ఉండదు. ఆగస్టు చివరి బ్యాంక్ హాలిడే రోజున ఏటా ఆ నీళ్లలోనే ఫుట్‌బాల్ ఆడతారు. ఆ లోతును మనసులో పెట్టుకుని మాత్రం చలికాలంలో వెళ్లకండి.

ఈ నది కాట్స్‌వోల్డ్ కొండల్లో, గ్లోస్టర్‌షైర్‌లోని కట్స్‌డీన్ దగ్గర పుడుతుంది. బోర్టన్, బర్‌ఫర్డ్, మిన్‌స్టర్ లవెల్, విట్నీ మీదుగా సుమారు 65 కిలోమీటర్లు పారి న్యూబ్రిడ్జ్ దగ్గర థేమ్స్‌లో కలుస్తుంది. పైభాగమంతా సున్నపురాయి నేల కాబట్టి వాన నీటిని తాగేస్తుంది. అక్టోబర్, నవంబర్ వానలకు ఆ నేల నిండిందంటే ఇక ఊటలు పొంగుతాయి. వాన తెరిపిచ్చి ఎండ కాసినంత మాత్రాన నది తగ్గినట్టు కాదు, నీరు అప్పటికీ పెరుగుతూ ఉండొచ్చు. దిగువన విట్నీ దాటాక నేల చదును, బంకమట్టి. అక్కడ పొలాల్లో నిలిచిన నీరు రోజుల తరబడి దిగదు.

కాబట్టి బయల్దేరే ముందు వాతావరణం ఒక్కటే చూస్తే సరిపోదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈ నదికి వరద హెచ్చరిక ఉందేమో చూడండి. ‘ఫ్లడ్ అలర్ట్’ అంటే సిద్ధంగా ఉండమని, ‘ఫ్లడ్ వార్నింగ్’ అంటే వెంటనే కదలమని, ‘సివియర్’ అంటే ప్రాణాపాయమని అర్థం. ఫోన్‌లో అడగాలంటే ఫ్లడ్‌లైన్ 0345 988 1188. అలర్ట్ ఉన్న రోజు నేనైతే ఒడ్డు వెంట నడక పెట్టుకోను, బర్‌ఫర్డ్ వీధులు చూసి వచ్చేస్తాను.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ముందు కారు వెళ్లింది కదా అని మీరూ దిగకండి. వేగంగా పారే నీరు 30 సెంటీమీటర్లు ఉంటే చాలు, కారును కదిలించేస్తుంది. 2007 జూలై వరదలో విట్నీ బ్రిడ్జ్ స్ట్రీట్ మునిగిపోయింది.

విట్నీ పేరు చెబితే ఇక్కడి పెద్దవాళ్లకు కంబళ్లు గుర్తొస్తాయి. 1711లో అక్కడి కంబళి నేతగాళ్ల సంఘానికి రాణి ఆన్ అధికారపత్రం ఇచ్చింది. చివరి కంబళ్ల మిల్లు 2002లో మూతపడింది. నేసిన ఉన్నిని నీటిలో దంచి దట్టం చేసే మిల్లులు ఈ నది నీటితోనే నడిచాయి. వాటి కోసం నదిని పాయలుగా చీల్చి అడ్డుకట్టలు, తూములు కట్టారు. మిల్లులు పోయినా అలాంటి కట్టడాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఫొటోకి బాగుంటాయని పిల్లలను వాటి మీద నిలబెట్టొద్దు. తూము కింద నీరు సుడి తిరుగుతూ మనిషిని లోపలికి లాగేస్తుంది. ఇంకా దిగువన కంకర తవ్విన గోతులు చెరువులయ్యాయి. వాటి అంచులు ఒక్కసారిగా లోతుకు దిగిపోతాయి.

ఇంకో విషయం చెప్పడానికి నాకు బాధగానే ఉంది. నది కనిపిస్తే కాళ్లు కడుక్కుని, తల మీద నీళ్లు చల్లుకుని, కాస్త నోట్లో వేసుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటు. మా మామయ్యగారు అలాగే వంగబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. పెద్ద వానలప్పుడు ఈ నదిలోకి మురుగునీరు వదులుతారు. దీనిపై స్థానికులు ఏళ్లుగా పోరాడుతున్నారు. వాన వెలిశాక కనీసం రెండు రోజులు ఆ నీటిని ముట్టుకోకపోవడమే మంచిది. నోట్లో మాత్రం ఎప్పుడూ పోసుకోవద్దు. పెద్దవాళ్లకు ముందే, ఇంటి దగ్గరే నెమ్మదిగా చెప్పండి.

మిన్‌స్టర్ లవెల్‌లో 15వ శతాబ్దపు భవనం శిథిలాలు సరిగ్గా నది ఒడ్డునే ఉన్నాయి. చాలా అందమైన చోటు. కానీ దారి పచ్చిక బీళ్ల మీదుగా వెళుతుంది, తడిస్తే జారుడే. చెప్పులు, చీర కుచ్చిళ్లు అక్కడ పనికిరావు. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దు గుంకుతుంది, మూడింటికల్లా కారు దగ్గరికి వచ్చేయండి.

ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకకండి. ఆ చలికి ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత వచ్చినవాళ్లకైనా అంతే. చేతులు కాళ్లు చాచి వెల్లకిలా తేలమని అరిచి చెప్పండి. తాడో, పొడవాటి కర్రో, మఫ్లరో అందించండి. 999కి ఫోన్ చేసి ఫైర్ సర్వీస్ కావాలనండి. మీరున్న చోటు ఏ ఊరికి, ఏ వంతెనకి దగ్గరో వాళ్లు అడుగుతారు, కారు దిగేటప్పుడే ఆ పేర్లు చూసుకుని ఉంచుకోండి.