డిప్రెషన్ ప్రశ్నావళికి పరీక్ష – 3వ పాఠం: స్కోరు నిలకడగా ఉందా?

గత పాఠంలో డిప్రెషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 తెలుగు రూపాన్ని ఆన్‌లైన్ ఫారంగా మార్చాం. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. జవాబులు వచ్చాయి కాబట్టి ఇక లెక్కలోకి దిగుదాం.

ముందు షీటు శుభ్రం చేయాలి. మనిషికో అడ్డు వరుస, ప్రశ్నకో నిలువు వరుస. ఖాళీ గడిని సున్నాగా లెక్కేసే ఫారాలున్నాయి. అలా చేస్తే జవాబే ఇవ్వని మనిషి ఏ బాధా లేనివాడైపోతాడు. ఖాళీని ఖాళీగానే ఉంచండి. ఒకరే రెండుసార్లు పంపినవి తీసేయండి. తొమ్మిదింటికీ వరసగా 2 నొక్కుకుంటూ పోయినవాళ్ల పక్కన గుర్తు పెట్టండి. అన్నీ 0 ఉన్నవాటి జోలికి మాత్రం పోవద్దు, అది నిజమే కావచ్చు.

ఇప్పుడు క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే ప్రశ్నలన్నీ ఒకే దిశలో ఎంతగా నడుస్తున్నాయో చెప్పే అంకె. ఒక్కో ప్రశ్నకు వేరియన్స్ (జవాబులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) కట్టి తొమ్మిదీ కూడండి. మొత్తం స్కోర్ల వేరియన్స్ విడిగా కట్టండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేసి, 9/8తో గుణించాలి. 6.2, 26 వచ్చాయనుకోండి: భాగిస్తే 0.238, తీసేస్తే 0.762, గుణిస్తే 0.86. 2001లో క్రోంకీ, స్పిట్జర్, విలియమ్స్ ప్రచురించిన అసలు అధ్యయనంలో రెండు రోగుల బృందాలకు వచ్చిన ఆల్ఫాలు 0.89, 0.86.

చాలామంది ఇక్కడే చేతులు దులుపుకుంటారు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని తప్ప ఆల్ఫా ఇంకేమీ చెప్పదు. చదవకుండా 2, 2, 2 నొక్కినవాళ్లు ఎక్కువైతే అది ఇంకా పెరుగుతుంది! గుర్తు పెట్టినవాళ్లను తీసేసి మళ్లీ కట్టండి. తర్వాత ఒక్కో ప్రశ్నకూ మిగతా ఎనిమిదింటి మొత్తానికీ కోరిలేషన్ (రెండూ కలిసి ఎంతగా పెరిగి తగ్గుతున్నాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) చూడండి. 0.3 కన్నా తగ్గితే వాక్యాన్ని అనుమానించాలి. మూడో ప్రశ్నలో ‘నిద్ర పట్టకపోవడం’ ఉంచి ‘లేదా మరీ ఎక్కువ నిద్రపోవడం’ వదిలేస్తే, రోజంతా పడుకునే మనిషి అక్కడ 0 పెడతాడు.

అసలు పరీక్ష రెండోసారి అడగడం. అదే మనుషులకు రెండు రోజుల్లో మళ్లీ పంపండి. పేర్లు వద్దు, జత కలపడానికి ఒక కోడ్ చాలు. గంటలో అడిగితే పాత జవాబు గుర్తుంటుంది. నెల ఆగితే మనసే మారిపోయి ఉండొచ్చు, ప్రశ్న అడిగేది గత రెండు వారాల సంగతే కదా. అసలు అధ్యయనంలో 48 గంటల లోపు ఫోన్‌లో మళ్లీ అడిగితే కోరిలేషన్ 0.84 వచ్చింది.

ఆ అంకె ఒక్కదాన్నే నమ్మకండి. రెండోసారి అందరికీ సరిగ్గా మూడేసి తగ్గినా మామూలు కోరిలేషన్ 1 అనే చూపిస్తుంది. రెండు స్కోర్లూ అచ్చంగా ఒకటేనా అని చూసే రకం (absolute agreement) ఇంట్రాక్లాస్ కోరిలేషన్ ఈ తేడాను పట్టుకుంటుంది. అది కట్టడం రాకపోతే రెండు స్కోర్ల తేడాల సగటు తీయండి, మొత్తం స్కోరు 10 అనే గీతను అటూ ఇటూ దాటినవాళ్లెందరో లెక్కపెట్టండి. వైద్యుణ్ణి కలవమని చెప్పేది ఆ గీత దగ్గరే కాబట్టి నాకు ఈ లెక్కే ముఖ్యం.

రెండోసారి పంపేముందు ఒక పని ఉంది. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు 0 కానిది నొక్కగానే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 తెర మీదకు రావాలి. కోడ్ తప్ప ఇంకేమీ తీసుకోలేదు కాబట్టి తర్వాత మీరు వాళ్లను వెతికి పట్టుకోలేరు. మీ ఫోన్‌లోనే 1, 2, 3 మూడూ నొక్కి చూసుకోండి.